చిన్న గోల్ఫ్ కోర్సులు: కొత్తవాళ్ళకు ఏది, బాగా ఆడేవాళ్ళకు ఏది?

సన్నీవేల్_శీను

అందరికీ నమస్తే. వచ్చే నెల మా ఇంట్లో అన్ని రకాల గోల్ఫర్లూ ఒకేసారి దిగుతున్నారు. సలహా కావాలి.

నాది హ్యాండిక్యాప్ 19 (ఈ అంకె ఎంత తక్కువైతే ఆట అంత మెరుగు). దూరం కొట్టే డ్రైవర్ క్లబ్ బాగున్న రోజు గుంటలోకి దొర్లించే పుట్టింగ్ ఉండదు, పుట్టింగ్ బాగున్న రోజు డ్రైవర్ ఉండదు. మా ఆవిడ రేంజ్‌లో (ప్రాక్టీస్ మైదానంలో) లెసన్లు తీసుకుంది కానీ కోర్సు మీద ఇంతవరకు అడుగు పెట్టలేదు. "వెనక గ్రూపు వాళ్ళు చూస్తూ నిలబడితే నా వల్ల కాదు" అంటోంది. బాబుకి పదేళ్ళు. బంతి ఎటు పోయినా వాడికి పర్లేదు, దూరం పోతే చాలు. టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి మా బావమరిది వస్తున్నాడు, హ్యాండిక్యాప్ 5, చిన్న కోర్సు పేరెత్తితే నవ్వుతాడు. రాజమండ్రి నుంచి మామగారు వచ్చి ఉన్నారు, 68 ఏళ్ళు. క్లబ్ ఎప్పుడూ పట్టుకోలేదు గానీ మాతో పాటు నడుస్తానంటున్నారు.

దగ్గర్లో సన్నీవేల్‌లో సంకెన్ గార్డెన్స్, కూపర్టినోలో బ్లాక్‌బెర్రీ ఫార్మ్, డీప్ క్లిఫ్ ఉన్నాయి. నేను ఎక్కువగా సన్నీవేల్ మునిసిపల్ కోర్సులోనే ఆడతాను కాబట్టి ఈ చిన్నవాటి మీద అంత పట్టు లేదు. ఎవరిని ఎక్కడికి తీసుకెళ్ళాలి? అందరం ఒకేచోట ఆడే దారి ఏమైనా ఉందా?

వెడ్జ్_వెంకట్

శీనుగారూ, చిన్న కోర్సులన్నీ ఒకటి కావు. ముందు అది తేల్చుకుంటే సగం పని అయిపోతుంది.

మామూలు కోర్సు 18 హోల్స్, పార్ (బాగా ఆడేవాడికి పట్టాల్సిన దెబ్బల లెక్క) 70 నుంచి 72, పొడవు ఆరు వేల గజాల పైమాట. మీరు ఆడే సన్నీవేల్ మునిసిపల్ పార్ 70. దానికి కింద ఎగ్జిక్యూటివ్ కోర్సు. పార్ 3లు ఎక్కువ, పార్ 4లు కొన్ని, పార్ 5లు దాదాపు ఉండవు. డీప్ క్లిఫ్ ఈ రకం: 18 హోల్స్, పార్ 60, మూడు వేల మూడు వందల గజాల పైచిలుకు. ఆ తర్వాత 9 హోల్స్ బుల్లి కోర్సులు. సంకెన్ గార్డెన్స్, బ్లాక్‌బెర్రీ ఫార్మ్ రెండూ పార్ 29, అంటే ఏడు పార్ 3లు, రెండు పార్ 4లు. రెండూ 1,500 గజాల అటూ ఇటూ. అన్నీ పార్ 3లే ఉంటే 9 హోల్స్‌కి పార్ 27. వాటన్నిటికన్నా చిన్నది పిచ్ అండ్ పుట్, అక్కడ ఒక వెడ్జ్ (దగ్గర నుంచి ఎత్తి కొట్టే క్లబ్), ఒక పుట్టర్ ఉంటే సరిపోతుంది.

నా లెక్క: మీ ఆవిడకి, బాబుకి సంకెన్ గార్డెన్స్. మీకూ మీ బావమరిదికీ డీప్ క్లిఫ్. మామగారు ఎక్కడికైనా రావచ్చు.

మూడు_పుట్ల_మూర్తి

వెంకట్ చెప్పిన లెక్క బాగానే ఉంది గానీ అది స్కోర్‌కార్డు చూసి వేసిన లెక్క. పొడవు చూసి కోర్సు ఎంచుకుంటే దెబ్బ తింటారు.

టీకీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) గ్రీన్‌కీ (జెండా, గుంట ఉండే చోటు) మధ్య ఏముందో చూడాలి. 95 గజాల హోల్ ఉందనుకోండి, ముందంతా నీళ్ళు. కొత్తగా ఆడే మనిషి కొట్టే బంతుల్లో సగం గాల్లోకి లేవవు. అంటే ఆ హోల్ ఆమెకి 95 గజాలు కాదు, దాటలేని గోడ. అదే 150 గజాల హోల్‌లో ముందంతా చదునుగా ఉంటే టాప్ అయిన (పైభాగానికి తగిలి లేవని) బంతి కూడా దొర్లుకుంటూ ముందుకే పోతుంది. మూడు నాలుగు దెబ్బలకు గ్రీన్ మీదుంటుంది, సంతోషంగా ఉంటుంది. కొత్తవాళ్ళకి రెండోదే సులువు.

బాగా ఆడేవాళ్ళకి దీనికి తలకిందులు. మధ్యలో ఏమున్నా వాళ్ళు పట్టించుకోరు, బంతి దాని పైనుంచి పోతుంది. వాళ్ళని ఇబ్బంది పెట్టేది గ్రీన్: ఎంత చిన్నది, ఎటు వాలింది, తప్పిపోతే ఎక్కడ ఆగుతుంది.

ఇప్పుడు మీ మూడు కోర్సులు చూడండి. బ్లాక్‌బెర్రీ ఫార్మ్, డీప్ క్లిఫ్ రెండూ స్టీవెన్స్ క్రీక్ పక్కన ఉన్నాయి. చెట్లు, ఇరుకు. స్లైస్ (బంతి పక్కకి వంగిపోవడం) ఉన్న మనిషికి 1,500 గజాల బ్లాక్‌బెర్రీలో పోయే బంతులు ఆరు వేల గజాల మునిసిపల్‌లో పోవు. కాబట్టి శీనుగారి స్లైస్ సంగతి ముందు చెప్పాలి.

సన్నీవేల్_శీను

స్లైస్ గురించి ఈ వేదికలో నేనెప్పుడూ రాయలేదే! మీకెలా తెలిసింది?

మూడు_పుట్ల_మూర్తి

19 హ్యాండిక్యాప్ అన్నారుగా.

పద్మజ_సి

మగవాళ్ళు కోర్సు పేర్ల దగ్గరే ఆగిపోయారు. శీనుగారి భార్య అన్న మాట ఎవరూ చదివినట్టు లేరు: "వెనక గ్రూపు వాళ్ళు చూస్తూ నిలబడితే." ఆవిడకి కోర్సు కన్నా టైమ్ ముఖ్యం. శనివారం ఉదయం తొమ్మిదింటికి తీసుకెళ్తే ప్రపంచంలో ఏ కోర్సయినా టెన్షనే. వారం మధ్యలో సాయంత్రం పూట సంకెన్ గార్డెన్స్‌కి తీసుకెళ్ళండి. అక్కడికి వచ్చేవాళ్ళలో కొత్తవాళ్ళే ఎక్కువ, పక్కనే రేంజ్ ఉంది. వెనక ఎవరైనా వస్తే "మీరు ముందుకెళ్ళండి" అని ఊపండి. అదేం అవమానం కాదు.

నేను నేర్చుకునేటప్పుడు నాకు పనికొచ్చినవి చెప్తాను. పద్నాలుగు క్లబ్‌ల బ్యాగు వద్దు. 7 ఐరన్ (మధ్య దూరం క్లబ్), ఒక వెడ్జ్, పుట్టర్, అంతే. ఏ క్లబ్ తియ్యాలన్న ఆలోచనే సగం అలసట. గడ్డి మీద బంతి సరిగ్గా తగలకపోతే ఎక్కడున్నా టీ పెట్టుకుని కొట్టమనండి, ఇదేం టోర్నమెంట్ కాదు. పార్‌కి రెట్టింపు దెబ్బలు అయ్యాయంటే బంతి చేత్తో తీసేసి తర్వాతి హోల్‌కి నడవడమే. 2019 నుంచి జెండా కర్ర తియ్యకుండానే పుట్ చెయ్యొచ్చు, బంతి వెతకడానికి మూడు నిమిషాలే. ఈ రెండూ గుర్తుంచుకుంటే ఎవరూ విసుక్కోరు.

ఇంకొకటి శీనుగారూ, ఇది మీకు. ఆ రోజు మీరు కోచింగ్ ఇవ్వకండి. "తల పైకెత్తకు" అని ఒక్కసారి అన్నారా, మళ్ళీ ఆవిడని కోర్సుకి తేవడం ఆ లెసన్లు చెప్పిన కోచ్ వల్ల కూడా కాదు.

ఫైవ్‌ఐరన్_ఫణి

నాది వేరే అభిప్రాయం. పిల్లలకి, కొత్తవాళ్ళకి చిన్న కోర్సు ఓకే. కానీ 19 హ్యాండిక్యాప్ మనిషి అక్కడ టైమ్ వేస్ట్ చేసుకోవద్దు. ఆట మెరుగుపడాలంటే షార్ట్ గేమ్ (గ్రీన్ దగ్గర్లో కొట్టే చిన్న షాట్లు) ప్రాక్టీస్ చెయ్యమని అందరూ చెప్తారు. లెక్కలు అలా చెప్పట్లేదు. కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ మార్క్ బ్రాడీ లక్షల షాట్ల డేటా తీసి చూశాడు. మంచి ఆటగాడికీ మామూలు ఆటగాడికీ స్కోర్‌లో ఉన్న తేడాలో దాదాపు మూడింట రెండు వంతులు వంద గజాల అవతలి నుంచి కొట్టే షాట్లలోనే వస్తోంది. చిన్న కోర్సులో డ్రైవర్ బ్యాగులోంచే రాదు. మరి స్లైస్ ఎప్పుడు తగ్గుతుంది?

శీనుగారూ, మీరూ మీ బావమరిదీ మునిసిపల్‌కే వెళ్ళండి.

వెడ్జ్_వెంకట్

ఫణీ, లెక్క నిజమే. దాని నుంచి తీసిన తీర్పు మాత్రం సగమే నిజం. ఆ బ్రాడీ లెక్కల్లోనే ఇంకో ముక్క ఉంది. పీజీఏ టూర్‌లో పైస్థాయి ఆటగాళ్ళు మిగతావాళ్ళ మీద సంపాదించే ఆధిక్యంలో అప్రోచ్ షాట్ల (గ్రీన్‌కి గురిపెట్టి కొట్టేవి) వాటా సుమారు 40 శాతం, డ్రైవింగ్‌ది 28, షార్ట్ గేమ్‌ది 17, పుట్టింగ్‌ది 15. అన్నిటికన్నా పెద్ద వాటా అప్రోచ్‌ది. పార్ 3 టీ షాట్ అంటే ఏమిటి? టీ మీద పెట్టుకుని కొట్టే అప్రోచ్ షాటే కదా.

మామూలు కోర్సులో మన స్థాయి వాళ్ళకి 150 గజాల నుంచి, మంచి లై (బంతి ఆగిన చోటు) మీద నుంచి, గ్రీన్‌కి గురిపెట్టి కొట్టే అవకాశం ఎన్నిసార్లు వస్తుంది? డ్రైవ్ చెట్లలోకి పోతే రెండో దెబ్బ బయటికి నెట్టడానికే సరిపోతుంది. డీప్ క్లిఫ్ లాంటి చోట ప్రతి పార్ 3 టీ దగ్గరా ఆ షాట్ మీ కోసం సిద్ధంగా ఉంటుంది.

కాబట్టి "చిన్న కోర్సు" అని అన్నిటినీ కలిపి కొట్టెయ్యకూడదు. హోల్స్ 120 నుంచి 180 గజాలుండే కోర్సు ఐరన్ ఆటకి బడి. 50 నుంచి 100 గజాలుండే కోర్సు వెడ్జ్‌కి, పుట్టర్‌కి సరదా, పోటీకి ఇంకా బాగుంటుంది, కానీ మీ 6 ఐరన్ అక్కడ నిద్రపోతుంది. 19 హ్యాండిక్యాప్‌కి మొదటిది కావాలి. డ్రైవర్ సంగతి రేంజ్‌లో చూసుకోవచ్చు.

ఫైవ్‌ఐరన్_ఫణి

డ్రైవర్ రేంజ్‌లో బాగైపోతే మనందరం స్క్రాచ్ (హ్యాండిక్యాప్ సున్నా) ఆటగాళ్ళమే అయ్యేవాళ్ళం. రేంజ్‌లో చెట్లుండవు, ఓబీ (కోర్సు హద్దు దాటిపోవడం) ఉండదు. అయినా అప్రోచ్ మాట ఒప్పుకుంటాను. నెలకి రెండుసార్లు ఎగ్జిక్యూటివ్, మిగతాది మామూలు కోర్సు, ఇక్కడ రాజీ.

ఫ్రిస్కో_చిన్నా

బావా! నా గురించి రాయడానికి నీకు ఇదొక్కటే వేదిక దొరికిందా? నేను కూడా ఇక్కడ మెంబర్‌నే.

చిన్న కోర్సు అంటే నవ్వుతానన్నది పాత మాట. మా ఊళ్ళో పీజీఏ ఫ్రిస్కో వచ్చాక మారాను. పీజీఏ ఆఫ్ అమెరికా (గోల్ఫ్ ప్రొఫెషనల్స్ సంఘం) హెడ్ క్వార్టర్స్ 2022లో ఇక్కడికి వచ్చింది, 2023లో కోర్సులు తెరిచారు. ఫీల్డ్స్ రాంచ్ ఈస్ట్ గిల్ హాన్స్ వేసినది, వెస్ట్ బో వెల్లింగ్ వేసినది. ఈస్ట్‌లోనే 2025 కేపీఎంజీ విమెన్స్ పీజీఏ చాంపియన్‌షిప్ జరిగింది, మింజీ లీ గెలిచింది. అదంతా ఒక ఎత్తు. మేము శుక్రవారం రాత్రి ఆఫీసు అయ్యాక వెళ్ళేది మాత్రం ద స్వింగ్‌కి. 10 హోల్స్, అన్నీ పార్ 3, లైట్లుంటాయి. పక్కనే రెండెకరాల పుట్టింగ్ కోర్సు, పేరు ద డాన్స్ ఫ్లోర్.

నా స్థాయిలో అక్కడ బయటపడేది ఒకటే, వెడ్జ్ దూరాలు. పెద్ద కోర్సులో 85 గజాలు కొట్టాల్సింది 92 కొడితే "పర్లేదు, గ్రీన్ మీదే ఉంది" అనుకుంటాం. చిన్న కోర్సులో వరసగా 70, 85, 100 వస్తూ ఉంటే ఏ వెడ్జ్ ఎంత పోతుందో నాకు తెలియదన్న సంగతి పదిమంది ముందు తేలిపోతుంది. అదీ కాక చిన్న కోర్సులో 5 హ్యాండిక్యాప్ మనిషి 19 హ్యాండిక్యాప్ మనిషి చేతిలో ఓడిపోవడానికి నిజంగా అవకాశం ఉంది. పెద్ద కోర్సులో బావ నన్ను గెలవడం కల.

సన్నీవేల్_శీను

నువ్వు ఇక్కడున్నావని తెలిస్తే "నవ్వుతాడు" బదులు ఇంకో మాట రాసేవాణ్ణి. సరే, అయితే పందెం.

క్యారీ_కరుణాకర్

మేము నార్త్ కరొలినాలో ఉంటాం, పైన్‌హర్స్ట్ గోల్ఫ్ రిసార్ట్ మాకు కారులో పోయిరాగల దూరం. అన్ని స్థాయిలవాళ్ళూ కలిసి ఆడే చోటు అని శీనుగారు అడిగారు కాబట్టి ద క్రేడిల్ గురించి చెప్పాలి. గిల్ హాన్స్, జిమ్ వాగ్నర్ వేశారు, 2017లో తెరిచారు. 9 హోల్స్ కలిపి 789 గజాలు. అన్నిటికన్నా చిన్న హోల్ 56 గజాలు, పెద్దది 127.

మూర్తిగారు చెప్పిందే అక్కడ కళ్ళకు కడుతుంది. ఇసుక నేల, బంతి బాగా దొర్లుతుంది. పిల్లాడు పుట్టర్‌తో టీ నుంచి కొట్టినా చాలా హోల్స్‌లో బంతి గ్రీన్ వైపే వెళ్తుంది. కొత్తవాళ్ళు తప్పు కొట్టినా ఆట ఆగదు. అదే గ్రీన్‌లకి పక్కవాలులున్నాయి. తెలిసినవాడు జెండాకి నేరుగా కొట్టకుండా వాలు మీద పడేసి దొర్లిస్తాడు. తెలియనివాడు జెండాకే కొట్టి పక్కకి జారిపోతాడు. ఒకే హోల్ ఇద్దరికీ రెండు ఆటలు. పక్కనే తిసిల్ డూ అని 18 హోల్స్ పుట్టింగ్ కోర్సు ఉంది. మా అమ్మగారు చీరకట్టులోనే దాన్ని పూర్తి చేశారు, నా మీద గెలిచారు. ఈ రెండో సంగతి ఇంట్లో ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది.

ఫణి గారికి ఒక మాట: దగ్గర్లోనే నంబర్ 2 కోర్సు ఉంది, 2024 యూఎస్ ఓపెన్ అక్కడే. అక్కడ మామూలు ఆటగాడి ఉసురు తీసేవి గ్రీన్ చుట్టూ ఉన్న వాలులే. క్రేడిల్‌లో చిప్పింగ్ (గ్రీన్ పక్క నుంచి చిన్నగా వేసే షాట్) నేర్చుకున్నవాడికి నంబర్ 2లో కాస్త ఊపిరి ఆడుతుంది.

గోల్కొండ_గోపి

మీరంతా రాస్తుంటే ఇక్కడ హైదరాబాద్‌లో కూర్చుని కుళ్ళుకుంటున్నా. మాకు గోల్ఫ్ అంటే 18 హోల్స్ క్లబ్. నయా ఖిలా దగ్గర హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్, గచ్చిబౌలిలో పీటర్ హారడైన్ వేసిన బౌల్డర్ హిల్స్. విశాఖలో ముడసర్లోవ దగ్గర ఈస్ట్ పాయింట్, అదీ 18. రేంజ్‌లో నాలుగు బకెట్లు కొట్టి, నేరుగా పెద్ద కోర్సు మీదికి పోవాల్సిందే. మధ్యలో మెట్టు లేదు. కొత్తవాళ్ళని కాపాడేది క్యాడీ ఒక్కడే. ఎటు కొట్టాలి, ఎప్పుడు బంతి తీసెయ్యాలి అన్నీ అతనే చెప్తాడు. ఢిల్లీ వాళ్ళ అదృష్టం, ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో పెద్ద లోధీ కోర్సు కాకుండా పీకాక్ అని 9 హోల్స్ చిన్న కోర్సు ఉంది.

పది ఎకరాల్లో తొమ్మిది బుల్లి హోల్స్ పట్టేస్తాయి. కానీ గచ్చిబౌలిలో పది ఎకరాలు ఖాళీగా కనిపిస్తే ఎవరికైనా గోల్ఫ్ గుర్తొస్తుందా, టవర్లు గుర్తొస్తాయా?

మూడు_పుట్ల_మూర్తి

గోపీ, దానికి దారి ఉంది. ఖాళీ మధ్యాహ్నం చూసుకుని మీ క్లబ్ వాళ్ళ అనుమతితో గ్రీన్‌కి 100 గజాల దగ్గర బంతి వేసుకుని 9 హోల్స్ ఆడించమను. మార్షల్ (కోర్సు మీద ఆట చూసుకునే మనిషి) ఒప్పుకుంటే అదే మీ పార్ 3 కోర్సు.

డబ్లిన్_దివాకర్

పిచ్ అండ్ పుట్ అని వెంకట్ ఒక వాక్యంలో దాటేశాడు, ఐర్లండ్‌లో ఉన్నవాణ్ణి ఊరుకోలేను. ఇక్కడ అది పిల్లల ఆట కాదు. దానికి వేరే క్లబ్బులు, వేరే చాంపియన్‌షిప్‌లు ఉన్నాయి. అంతర్జాతీయ నిబంధన ప్రకారం ఒక హోల్ 90 మీటర్లు దాటకూడదు, 18 హోల్స్ కలిపి 1,200 మీటర్లు దాటకూడదు. మూడు క్లబ్‌లే, అందులో ఒకటి పుట్టర్. మా పక్కింటి పెద్దాయన పెద్ద గోల్ఫ్ కోర్సు ముఖం చూడడు, కానీ 60 గజాల నుంచి జెండా పక్కన పడేస్తుంటే మాలో పదిలోపు హ్యాండిక్యాప్ వాళ్ళు నోరు మూసుకుంటారు.

శీనుగారి బాబు కోసం ఇంకోటి. స్కాట్లండ్‌లో నార్త్ బెర్విక్‌లో పిల్లల కోర్సు ఉంది, 9 హోల్స్. పెద్దవాళ్ళు అక్కడ ఆడాలంటే వెంట పిల్లలు ఉండి తీరాలి! సెయింట్ ఆండ్రూస్‌లో బాల్‌గోవ్ 9 హోల్స్, పార్ 30, కొత్తవాళ్ళ కోసమే. ఎడిన్‌బరోలో బ్రంట్స్‌ఫీల్డ్ లింక్స్ ఊరి మధ్య పార్కులో ఉంది, బుల్లి హోల్స్, ఉచితం. గోల్ఫ్ పుట్టిన దేశంలో చిన్న కోర్సుని ఎవరూ చిన్నచూపు చూడరు.

సిలికాన్_సురేష్

అందరూ బాగా చెప్తున్నారు గానీ నా అనుభవం వేరు. పేరు చెప్పను గానీ ఒక చిన్న కోర్సులో ప్రతి టీ దగ్గరా రెండు గ్రూపులు కూర్చుని ఉన్నాయి. తొమ్మిది హోల్స్‌కి మూడు గంటలు. పార్ 3 కోర్సులో గ్రీన్ ఖాళీ అయ్యేదాకా ఎవరూ కొట్టలేరు కదా, ఒకడు ఆలస్యం చేస్తే మొత్తం ఆగిపోతుంది. టీలన్నీ రబ్బరు మ్యాట్‌లు, గ్రీన్ మీద ఎవరూ పిచ్ మార్కులు (బంతి పడ్డ గుంటలు) సరిచెయ్యలేదు. చదవడానికి గుంటలే తప్ప వాలు కనిపించలేదు. బాగా ఆడేవాళ్ళని అలాంటి చోటికి తీసుకెళ్తే జన్మలో మళ్ళీ రారు.

పద్మజ_సి

నిజమే, అందుకే టైమ్ చూసుకోమన్నాను. గ్రీన్‌లు ఎప్పుడు గుచ్చుతారో కూడా ఫోన్ చేసి అడగండి. గాలి ఆడడానికి గుచ్చి ఇసుక పోసిన వారం ఎంత మంచి కోర్సయినా పుట్టింగ్ దండగే.

ఫ్రిస్కో_చిన్నా

వెంకట్ గారూ, చిన్న డౌటు. చిన్న కోర్సు స్కోర్లు హ్యాండిక్యాప్‌కి ఎక్కించొచ్చా? మా గ్రూపులో ఒకాయన ఎక్కించకూడదు అంటాడు.

వెడ్జ్_వెంకట్

పాత మాట పట్టుకుని ఉన్నారు ఆయన. 2024లో వరల్డ్ హ్యాండిక్యాప్ సిస్టమ్ ఈ నిబంధన మార్చింది. ఇంతకుముందు 18 హోల్స్‌కి కనీసం 3,000 గజాలుండాలి. ఇప్పుడు 1,500 గజాలు చాలు, 9 హోల్స్‌కి 750. అంటే చాలా పార్ 3 కోర్సులు కూడా అర్హత పరిధిలోకి వచ్చాయి. కానీ పొడవు సరిపోతే చాలదు. ఆ కోర్సుకి అధికారికంగా కోర్స్ రేటింగ్, స్లోప్ రేటింగ్ (కోర్సు ఎంత కష్టమో చెప్పే అంకెలు) వేయించి ఉండాలి. ఆడేముందు కార్డు మీద రేటింగ్ ఉందో లేదో చూడండి.

శీనుగారి ఇంట్లోవాళ్ళకి ఇది పనికొచ్చే సంగతి. గరిష్ఠ హ్యాండిక్యాప్ ఆడవాళ్ళకైనా మగవాళ్ళకైనా 54. మొత్తం 54 హోల్స్ స్కోర్లు ఎక్కిస్తే హ్యాండిక్యాప్ ఇండెక్స్ వచ్చేస్తుంది. అవి తొమ్మిదేసి హోల్స్ చొప్పున చిన్న కోర్సులోనే అయినా సరే, రేటింగ్ ఉంటే చాలు. కాకపోతే ఆ రౌండ్లలో పద్మజగారు చెప్పినట్టు ప్రతిచోటా టీ పెట్టుకోవడం కుదరదు, నిబంధనల ప్రకారం ఆడాలి.

సన్నీవేల్_శీను

ఇంత సమాచారం వస్తుందనుకోలేదు. అయితే చిన్నాకీ నాకూ పందెం ఎలా పెట్టుకోవాలి? 18 హోల్స్ హ్యాండిక్యాప్ తేడా 14. తొమ్మిది పార్ 3లలో 7 దెబ్బలు ఇవ్వమంటే వాడు ఒప్పుకోడు.

మూడు_పుట్ల_మూర్తి

ఒప్పుకోకూడదు కూడా. హ్యాండిక్యాప్‌లో ఎక్కువ భాగం పొడవు దగ్గర పుట్టుకొస్తుంది, డ్రైవ్ పోగొట్టుకోవడం, పార్ 5లో ఎనిమిది కొట్టడం లాంటివి. పార్ 3 కోర్సులో అవేవీ లేవు కాబట్టి తేడా కుంచించుకుపోతుంది. పైస్థాయి వాళ్ళయితే ఏం చేస్తారో చూడండి: అగస్టా పార్ 3 కోర్సు 9 హోల్స్, పార్ 27. మాస్టర్స్ టోర్నమెంట్‌కి ముందు బుధవారం అక్కడ పోటీ పెడతారు, 1960 నుంచీ ఉంది. 2016లో జిమ్మీ వాకర్ అక్కడ 19 కొట్టాడు. పక్క హోల్‌లో ఇంకో ఆటగాడి నాలుగేళ్ళ పాప నాన్న బదులు పుట్ చేస్తూ ఉంటుంది. ఒకే గడ్డి మీద ఇద్దరికీ చోటుంది.

మీ ఇద్దరికీ నా సలహా: దెబ్బలు ఇచ్చిపుచ్చుకోవడం మానెయ్యండి. చిన్నా ఒక్క 7 ఐరన్‌తో ఆడాలి, పుట్టింగ్‌తో సహా. మీకు బ్యాగంతా. మ్యాచ్ ప్లే, అంటే ఏ హోల్‌కి ఆ హోల్ గెలుపు లెక్క.

ఫ్రిస్కో_చిన్నా

7 ఐరన్‌తో 80 గజాల హోలా? సగం స్వింగ్‌తో కిందగా కొట్టి దొర్లించాలి. ఛాలెంజ్ ఓకే. కానీ అందరం కలిసి ఆడే ఆట ఏది? అక్క, బుడ్డోడు, నాన్న?

పద్మజ_సి

స్క్రాంబుల్. రెండు జట్లు, అందరూ కొట్టండి, మంచి బంతి దగ్గర నుంచి మళ్ళీ అందరూ కొట్టండి. గ్రీన్ మీదికి వచ్చాక మొదటి పుట్ మీ నాన్నగారిది. అప్పుడు కొత్తవాళ్ళ తప్పు బంతులు ఎవరికీ భారం కావు, చిన్నా బంతి ఆధారంగా ఉంటుంది, పెద్దాయన పుట్ పడిందంటే ఆ రోజు ఆయనదే. కాకపోతే ఒక్కో గ్రూపులో నలుగురికి మించి ఒప్పుకోరు. మీరు ఐదుగురు కాబట్టి నడిచేవాళ్ళ సంగతి కోర్సు వాళ్ళని ముందే అడగండి.

ఖర్చుకి వెనకాడకపోతే ఒక రోజు పెబుల్ బీచ్ వెళ్ళండి. అక్కడ 1957 నాటి పీటర్ హే కోర్సుని టైగర్ వుడ్స్ కొత్తగా వేశాడు, ద హే అని 2021లో తెరిచారు. 9 హోల్స్. రెండో హోల్‌ని పెద్ద పెబుల్ బీచ్‌లోని ఏడో హోల్ పోలికలో కట్టారు. సముద్రం పక్కన ఉండే ఆ బుల్లి పార్ 3 ఫోటో గోల్ఫ్ చూసేవాళ్ళందరికీ తెలిసినదే. పెద్ద కోర్సులో ఆడలేని మనిషి కూడా ఆ ఆకారాన్ని ఆడి చూడొచ్చు.

ఫైవ్‌ఐరన్_ఫణి

ఖర్చు మాట వచ్చింది కాబట్టి, బాగా ఆడేవాళ్ళు మాత్రమే వెళ్ళేటట్టయితే ఆరెగాన్‌లో బాండన్ డ్యూన్స్ చూడండి. అక్కడి బాండన్ ప్రిజర్వ్ 13 హోల్స్, కూర్, క్రెన్‌షా వేశారు, 2012లో తెరిచారు. సముద్రపు గాలిలో 110 గజాలకి ఒకరోజు వెడ్జ్, ఒకరోజు 6 ఐరన్. చిన్న కోర్సు వద్దన్న నేనే చెప్తున్నానని నవ్వకండి, అక్కడ గాలి ఉంటే డ్రైవర్ లేని లోటు తెలియదు.

సన్నీవేల్_శీను

ఇలా అనుకుంటున్నాను. బుధవారం సాయంత్రం మా ఆవిడ, నేను సంకెన్ గార్డెన్స్, మూడు క్లబ్‌లు, నా నోటికి తాళం. శుక్రవారం ఉదయం చిన్నా, నేను డీప్ క్లిఫ్, నా స్లైస్‌కి అదనంగా ఒక డజను బంతులు. ఆదివారం చివరి టీ టైమ్‌కి అందరం మళ్ళీ సంకెన్ గార్డెన్స్‌లో స్క్రాంబుల్. బ్లాక్‌బెర్రీ ఈసారికి వద్దు, చెట్లు చూసి భయమేస్తోంది. మామగారికి చెప్పాను. "గ్రీన్ దాకా మీరు తీసుకురండి, తర్వాత సంగతి నేను చూసుకుంటా" అన్నారు.

ఫ్రిస్కో_చిన్నా

నాన్నకి చిన్నప్పుడు గోలీలాటలో ఊళ్ళో ఎదురు లేదు, నువ్వు ఎరగవు. ఆయన ఏ జట్టో ముందే తేల్చు. ఇంకోటి, 7 ఐరన్‌తో బంకర్‌లో పడితే ఎలా బయటికి రావాలి? ఎవరైనా చెప్పండి.

వెడ్జ్_వెంకట్

క్లబ్ ఫేస్ బాగా తెరిచి, చేతులు కిందికి దించి, బంతికి రెండంగుళాల వెనక ఇసుకలోకి కొట్టు. అంచు ఎత్తుగా ఉంటే జెండా వైపు చూడకు, పక్కకి కొట్టి బయటికి వచ్చెయ్.